ఈసీఆర్‌లో కారు సినిమా కోసం వెళ్తే

ముందు ఒక్క మాట చెప్పి అసలు సంగతిలోకి వస్తాను. ఏ రిసార్టైనా "డ్రైవ్-ఇన్ సినిమా నైట్" అని ప్రకటన పెడితే, డబ్బు కట్టకముందే ఫోన్ చేసి రెండు ప్రశ్నలు అడగండి. మా కారు తెర ముందు దాకా వస్తుందా? మేం కార్లోనే కూర్చుని చూడొచ్చా? ఈ రెండూ అడక్కుండా ఫిబ్రవరిలో చెన్నై ఈసీఆర్ (సముద్రం వెంట మహాబలిపురం వైపు పోయే ఈస్ట్ కోస్ట్ రోడ్డు) మీద ఒక్క రాత్రికి 9,790 రూపాయలు పెట్టాను. డబ్బు సంగతి అలా ఉంచండి. డెబ్బై రెండేళ్ల అమ్మని "మళ్లీ కారు సినిమాకి పోదామమ్మా" అని ఆశపెట్టి తీసుకెళ్లాను. ఆ బాధ ఇంకా పోలేదు.

మాది నెల్లూరు. సినిమాలకు లోటు లేని ఊరు. లీలామహల్, నర్తకి, ఇంకా ఎన్నో హాళ్లు ఉండగా సినిమా కోసం చెన్నై ఎందుకు అని అడిగేవాళ్లు అప్పుడూ ఉన్నారు. మేం వెళ్లింది మావయ్య ఇంటికి. మావయ్య అంబత్తూరులో ఒక ఫ్యాక్టరీలో పనిచేసేవాడు, ఇల్లు టీ నగర్. ఎండాకాలం సెలవులిస్తే చాలు, అవ్వ, అమ్మ, నేను, చెల్లి రైలెక్కేవాళ్లం. ఈసీఆర్ మీద ఇంజంబాక్కంలో ప్రార్థన డ్రైవ్-ఇన్ 1991లో మొదలైంది. ఆ మరుసటి వేసవి మావయ్య మమ్మల్ని మొదటిసారి తీసుకెళ్లాడు. నేను ఆరో తరగతి పాసయ్యాను.

తెల్ల అంబాసిడర్. ముందు ముగ్గురం, వెనక నలుగురం. డిక్కీలో జంపఖానా, రెండు దిండ్లు, నీళ్ల కూజా, నాలుగు గిన్నెల స్టీల్ క్యారియర్. అత్త పులిహోర, దద్దోజనం, వడియాలు సర్దేది. ఈసీఆర్ అప్పుడు ఇంత వెడల్పు లేదు. ఎదురుగా బస్సు వస్తే మావయ్య కారు పక్కకి దించేవాడు. "పొద్దుండగానే పోవాలి, మధ్య వరసలో చోటు దొరకాలి" అని తొందరపెట్టేవాడు. తీరా అక్కడికి పోతే ఇంకా వెలుతురే. చీకటి పడితే గాని బొమ్మ కనపడదు కదా. ఆ గంటసేపు పిల్లలం కార్ల మధ్య ఆడుకునేవాళ్లం. సముద్రం కంటికి కనపడదు, గాలి మాత్రం వచ్చేది. ఉప్పు వాసన, మల్లెపూల వాసన, ఎవరి కార్లోనో విప్పిన సాంబారు వాసన.

అవ్వ గురించి చెప్పాలి. మోకాళ్ల నొప్పుల వల్ల ఆమె సినిమా హాలుకి వెళ్లడం మానేసి అప్పటికి ఆరేడేళ్లయింది. మెట్లెక్కలేదు, మూడు గంటలు కాళ్లు కిందికి వేలాడేసుకుని కూర్చోలేదు. ఇక్కడ కారు పక్కనే జంపఖానా పరిచి, వెనక చక్రానికి దిండు ఆనించి, కాళ్లు చాపించి కూర్చోబెట్టాం. పైగా అవ్వకి అరవం రాదు. మావయ్య ప్రతి మాటా గట్టిగా తెలుగులో చెప్పేవాడు. "వాడు అన్న కాదంట అమ్మా, తమ్ముడంట." హాల్లో అయితే నాలుగు వరసలు వెనక్కి తిరిగి చూస్తాయి. ఇక్కడ అడిగేవాళ్లు లేరు. చెల్లి ఏడిస్తే అమ్మ ఎత్తుకుని కార్ల వెంట తిప్పుకొచ్చేది, తెర మీద నుంచి కళ్లు తిప్పకుండానే. మా ఇంటిల్లిపాదీ ఒక సినిమా మొదటి నుంచి చివరిదాకా కలిసి చూసింది అక్కడే. మరెక్కడా కాదు.

దోమలు ఉండేవి, అది దాచను. అత్త ఒడోమాస్ ట్యూబు పట్టుకుని వరసగా అందరి చేతులకీ రాసేది.

పదిహేడేళ్లప్పుడు వెళ్లిన తీరు వేరు. ఇంటర్ పరీక్షలయ్యాయి. మావయ్య కొడుకు స్నేహితుడి మారుతి 800 అడిగి తెచ్చాడు. ఐదుగురం రెండో ఆటకి పోయాం. సినిమా ఏం చూశామో సరిగా గుర్తులేదు. మాటలే మాటలు. పార్కింగ్ లైట్లు ఆపడం మర్చిపోయాం, ఆటయ్యాక బ్యాటరీ డౌన్. రాత్రి ఒంటిగంట దాటింది. ఒక్కో కారూ వెళ్లిపోతోంది. పక్కన కుటుంబంతో వచ్చిన ఒక పెద్దాయన తన కారాపి దిగి, అల్లుణ్ణి కూడా దింపి మాతో కలిసి తోశాడు. బండి అందుకున్నాక "మెదువా పోంగప్పా", నెమ్మదిగా వెళ్లండయ్యా అని భుజం తట్టి పంపాడు. ఆయన ముఖం గుర్తులేదు గాని ఆ మాట గుర్తుంది.

ఇదంతా మా పాపకి కథలా చెప్పీ చెప్పీ, దానికి పన్నెండేళ్లొచ్చాక ఫోన్లో ఈ రిసార్టు ప్రకటన కనిపించింది. కార్లు వరసగా నిలబడిన ఫొటో, పెద్ద తెర, వెనక సముద్రం. "మీ కార్లోనే, సముద్రం ఒడ్డున" అని రాసి ఉంది. గది 6,490. సినిమాకి మనిషికి 750, నలుగురికీ 3,000. అమ్మకి చూపిస్తే కళ్లద్దాలు పెట్టుకుని ఫొటో చాలాసేపు చూసింది. "పులిహోర నేను చేస్తాలే" అంది. మా ఆవిడకి మొదటి నుంచీ అనుమానమే. "ఒకసారి ఫోన్ చేసి కనుక్కోండి" అంది. నేను వినలేదు.

నెల్లూరు నుంచి చెన్నై దాదాపు 175 కిలోమీటర్లు, ఇబ్బంది లేకుండా సాగింది. నేరుగా రిసార్టుకి పోకుండా ఇంజంబాక్కంలో ఆగాం. ప్రార్థన గేటు మూసి ఉంది. ఆటలు లేవని ఇదివరకే విన్నాను, అయినా అమ్మకి ఒకసారి చూపించాలనిపించింది. అలాంటి చోటు ఎందుకు నిలవదో లెక్క వేస్తే తెలుస్తుంది. ఎకరాల కొద్దీ నేల కావాలి. చీకటి పడితే గాని ఆట లేదు, రోజుకు రెండు మించి పడవు. అక్టోబరు నుంచి డిసెంబరు దాకా వానలు. ఈసీఆర్ మీద నేల విలువ ఇప్పుడు ఎంతుందో చూస్తే, ఇన్నేళ్లు నడపడమే పెద్ద సంగతి. అమ్మ కారు దిగలేదు. అద్దం దించి "ఇక్కడే గదా బజ్జీలు తెచ్చేవాడు మీ మావ" అంది. మావయ్య పోయి ఆరేళ్లు.

రిసార్టు మహాబలిపురం వైపు, ఇంకో అరగంట. గేటు దగ్గరే 300 అడిగారు, వాహనం లోపలికి తెచ్చినందుకు. డ్రైవ్-ఇన్‌కి డబ్బు కట్టాం కదా అంటే అది వేరే, ఇది వేరే అన్నారు. మొత్తం 9,790 అయింది అలా. కారు తాళాలు తీసుకుని కుర్రాడు దాన్ని ఎక్కడో రెండొందల గజాల అవతల షెడ్డులో పెట్టాడు. గదిలో ఏసీ కింద బక్కెట్ పెట్టి ఉంది, నీళ్లు కారుతున్నాయని. అమ్మకి వేడినీళ్లు కావాలంటే గీజరు పనిచేయదు, వంటింటి నుంచి తెప్పిస్తామన్నారు. మూడుసార్లు ఫోన్ చేస్తే గంటన్నరకి ఒక బక్కెట్ వచ్చింది. ఇవన్నీ సర్దుకున్నాం. మేం వచ్చింది గది కోసం కాదు.

ఏడు గంటలకి సినిమా దగ్గరికి పోయాం. కారేది అంటే, "కార్లు లోపలికి రావు సార్, సేఫ్టీ" అన్నారు. టెన్నిస్ కోర్టులో రెండు ఇనప రాడ్ల మధ్య ఒక గుడ్డ కట్టారు. దాని ఎదురుగా నలభై ప్లాస్టిక్ కుర్చీలు, ఒక ప్రొజెక్టరు, ఒకే ఒక స్పీకరు. పక్కనే జనరేటరు మోత. ఇంటి నుంచి తెచ్చిన తిండి తినకూడదన్నారు. జంపఖానా పరుస్తామంటే గచ్చు పాడవుతుందన్నారు. అమ్మ చేతిలో పులిహోర డబ్బా అలాగే ఉంది.

మేనేజరుతో గొడవపడ్డాను. "ఓపెన్ ఎయిర్ అంటే డ్రైవ్-ఇనే కదా సార్" అన్నాడు. కాదు. ఆరుబయట వేసే ఆట మన ఊళ్లలో టూరింగ్ టాకీసులకంటే ముందు నుంచీ ఉంది. 1933లో అమెరికాలో న్యూజెర్సీ రాష్ట్రం కామ్డెన్‌లో రిచర్డ్ హాలింగ్స్‌హెడ్ అనే ఆయన మొదటి డ్రైవ్-ఇన్ పెట్టినప్పుడు ఆలోచించిందంతా కార్ల గురించే. ముందు కారు వెనక కారుకి అడ్డం రాకుండా వరసలు ఎంత ఎడంగా ఉండాలి, ముందు చక్రాలు ఎక్కేందుకు గట్టు ఎంత ఎత్తుండాలి అని లెక్కలు కట్టి దానికి పేటెంట్ తీసుకున్నాడు. కారు లేకుండా డ్రైవ్-ఇన్ ఏమిటి? ఇదంతా చెప్తే అతను నవ్వాడు. ప్రకటనలో ఫొటో చూపిస్తే "అది రిప్రజెంటేటివ్ ఇమేజ్" అన్నాడు. నాకు ఒళ్లు మండిపోయింది. అమ్మ నా చెయ్యి పట్టుకుని "వద్దులే నాయనా, పోదాం పా" అంది. ఆ మాటకి ఇంకా బాధేసింది.

ఇరవై నిమిషాలు కూర్చుని లేచాం. గదికి పోబుద్ధి కాలేదు. పాపే అంది, "నాన్నా, మన కారు దగ్గరికి పోదామా?" షెడ్డులో కారు వెతుక్కుని నాలుగు తలుపులూ తీసి కూర్చున్నాం. అమ్మ పులిహోర డబ్బా మూత తీసింది. మా ఆవిడ ఆకులు తేలేదని కాగితం ప్లేట్లలో పెట్టింది. తింటూ తింటూ అమ్మ పాపకి అప్పటి సినిమా కథ చెప్పడం మొదలెట్టింది, మావయ్య అవ్వకి చెప్పినట్టే, అదే గొంతుతో. ఎవరు అన్నో ఎవరు తమ్ముడో కలిపేసింది. పాప మధ్యలో ప్రశ్నలు వేస్తూనే ఉంది. కాపలావాడు రెండుసార్లు టార్చి వేసి చూసి, మూడోసారి ఏమీ అనకుండా వెళ్లిపోయాడు. పదిన్నర దాకా అక్కడే ఉన్నాం. రిసార్టులో మాకు దక్కిన సుఖం అదొక్కటే.

మర్నాడు పొద్దున్నే ఖాళీ చేశాం. తిరుగుదారిలో సూళ్లూరుపేట దగ్గర ఆగాం. ఈ దారిలో పోయేవాళ్లు ఇది తప్పక చేయండి. అక్కడ హైవే పక్కన 2019లో పెట్టిన పెద్ద తెర హాలుంది, తెర వెడల్పు వంద అడుగులు, ఎత్తు 54. చెన్నై నుంచి కూడా జనం దీనికోసం వస్తారు. నలుగురి టిక్కెట్లూ వెయ్యి రూపాయల లోపే. అంతకుముందు ఊళ్లో ఒక చిన్న మెస్సులో భోజనం చేశాం. భోజనం 120, రొయ్యల ఇగురు విడిగా 180. పులికాట్ రొయ్యలు, చిన్నవి, తీపిగా ఉన్నాయి. ఇగురులో మసాలా తక్కువ, ఉల్లిపాయ బాగా వేగింది. వడ్డించే ఆమె అమ్మ వయసు చూసి అడక్కుండానే అన్నం మెత్తగా ఉన్నచోటు నుంచి తీసి పెట్టింది, చారు వేడి చేసి తెచ్చింది. రాత్రి 9,790 పెట్టినచోట ఒక బక్కెట్ వేడినీళ్లకి గంటన్నర పట్టింది. ఇక్కడ రెండో ఇగురుకి డబ్బు తీసుకోనంది. మా ఆవిడ ముఖంలో రెండు రోజుల్లో మొదటిసారి నవ్వు చూశాను.

హాలు నిజంగా గొప్పగా ఉంది. తెర, శబ్దం, సీట్లు, వేటికీ వంక పెట్టలేం. పాప నోరు తెరుచుకుని చూసింది. అమ్మకి మెట్ల దగ్గర కష్టమైంది, పట్టుకుని ఎక్కించాం. బయటికొచ్చాక ఎలా ఉందమ్మా అంటే, "బాగుంది. ఇంత పెద్ద తెర పెట్టినోళ్లు పైన కప్పు లేకుండా వదిలేసుంటే గాలి వచ్చేది గదా" అంది.

నెల్లూరు చేరాక జాతీయ వినియోగదారుల హెల్ప్‌లైన్ 1915కి ఫోన్ చేసి ఫిర్యాదు పెట్టాను. ప్రకటన ఫొటో, బిల్లు, టెన్నిస్ కోర్టు ఫొటో మూడూ పంపాను. మూడు వారాలకి సినిమా డబ్బు 3,000 వెనక్కి వచ్చింది. గది డబ్బు, వాహనం 300 రాలేదు. ప్రకటన కనపడగానే స్క్రీన్‌షాట్ తీసి పెట్టుకోండి. నేను ఫిర్యాదు చేసిన మర్నాడే వాళ్లు ఆ ఫొటో మార్చేశారు.

ఆ మూడు వేలూ పక్కన పెట్టాను. అహ్మదాబాదులో 1973లో పెట్టిన డ్రైవ్-ఇన్ ఉంది, 665 కార్లు పట్టేంత పెద్దది, ఆ రోడ్డుకే డ్రైవ్-ఇన్ రోడ్ అని పేరు. కారు లేనివాళ్లు కూర్చోవడానికీ చోటుంటుంది. నవజీవన్ ఎక్స్‌ప్రెస్ నెల్లూరులో ఎక్కితే నేరుగా అహ్మదాబాదే. ఈసారి ముందే ఫోన్ చేసి, ఆటలు నడుస్తున్నాయో లేదో, తెర ఎక్కడో, నేల ఎక్కడో అన్నీ కనుక్కున్నాకే టిక్కెట్లు తీస్తాను. ఇది రాస్తుంటే అమ్మ వెనక నుంచి వచ్చి అడిగింది, అక్కడ జంపఖానా పరవనిస్తారా అని.