మైలేజ్ పడిపోయిన పికప్‌కి ఓబీడీ స్కానర్: ఏళ్లు వాడాక నా మాట

బండి కంప్యూటర్‌కు తగిలిస్తే దాని లెక్కలు ఫోన్‌లో చూపే బ్లూటూత్ ఓబీడీ స్కానర్‌ని చాలామంది ఎర్రర్ కోడ్‌ల (కంప్యూటర్ పట్టిన లోపాల నంబర్ల) కోసమే కొంటారు. మైలేజ్ తగ్గినప్పుడు నా బండిలో అది ఒక్క కోడూ చూపలేదు. అయినా బండి కోసం కొన్నవాటిలో నాకు ఇంతగా పనికొచ్చింది ఇంకోటి లేదు. బండి నడుస్తుండగా వచ్చే లైవ్ డేటాలో కనిపించే కూలెంట్ టెంపరేచరే, అంటే ఇంజన్‌ను చల్లబరిచే నీళ్ల వేడే, అందుకు కారణం.

నాది బీఎస్4 (భారత్ స్టేజ్ 4 కాలుష్య ప్రమాణం) డీజిల్ పికప్. మదనపల్లె మార్కెట్ నుంచి టమాటా లోడుతో చెన్నైకి తిరుగుతుంటాను. లోడు మీద లీటరుకు 13 ఇచ్చేది 11కు దిగింది. ఇంజన్ లైటు వెలగలేదు, పొగ లేదు. ఒక మెకానిక్ ఇంజెక్టర్లన్నాడు, ఇంకొకాయన టర్బో అన్నాడు. రెండూ వేలల్లో తేలే పనులే.

స్కానర్ పెట్టి, ఫోన్ ఎదురుగా ఉంచుకుని బయల్దేరాను. పుంగనూరు దాటినా, పలమనేరు వచ్చినా కూలెంట్ 65 డిగ్రీల దగ్గరే ఆడుతోంది. మొగిలి ఘాట్ దిగేటప్పుడు ఇంకా పడిపోయింది. వేడెక్కిన ఇంజన్ 80, 90 మధ్య నిలబడాలి. విప్పించి చూస్తే థర్మోస్టాట్ వాల్వే లేదు! అంతకుముందు రేడియేటర్ పని చేసినవాళ్లు, మన ఎండలకు అక్కర్లేదని తీసేశారట. నాకు మాటమాత్రమైనా చెప్పలేదు. ఈ అలవాటు మీద నాకు ఇప్పటికీ కోపమే. ఇంజన్ వేడెక్కేదాకా నీళ్లు రేడియేటర్‌కు పోకుండా ఆపేది ఆ వాల్వే. అది లేకపోతే ఇంజన్ ఇంకా చల్లగానే ఉందని కంప్యూటర్ డీజిల్ ఎక్కువ ఇస్తుంది, ఆయిల్ కూడా చిక్కగానే ఉంటుంది. కొత్త వాల్వ్ వేయించాక అంకె 80 దాటి నిలబడింది. దాని ఖర్చు ఇంజెక్టర్ల పనితో పోలిస్తే లెక్కలోకే రాదు.

మైలేజ్ మళ్లీ 13కు దగ్గరగా వచ్చింది. అదే వారం టైర్లలో గాలి సరిచేయించాను, ఎయిర్ ఫిల్టర్ మార్పించాను కాబట్టి ఘనతంతా వాల్వ్‌దే అనలేను.

యాప్ చూపించే మైలేజ్‌ని మాత్రం నమ్మొద్దు. చాలా యాప్‌లు ఇంజన్‌లోకి పోయే గాలి లెక్క నుంచి, పెట్రోలుకు సరిపోయే 14.7 నిష్పత్తితో (ఒక వంతు ఇంధనానికి 14.7 వంతుల గాలి బరువు) ఇంధనం అంచనా కడతాయి. డీజిల్ ఇంజన్‌లో గాలి అంతకంటే చాలా ఎక్కువ పోతుంది కాబట్టి ఆ లెక్క తప్పుతుంది. నేను ఇప్పటికీ ఒకే బంకులో, పంపు దానంతటది ఆగేదాకా ట్యాంకు నింపించి, మళ్లీ నింపినప్పుడు పట్టిన లీటర్లతో కిలోమీటర్లు భాగించే చూస్తాను. బ్రేకులు పట్టేసినా స్కానర్‌కు తెలియదు. బండి ఆపాక నాలుగు చక్రాల దగ్గరా చెయ్యి పెట్టి, ఏది ఎక్కువ కాలుతోందో చూసుకోవాల్సిందే.

నాలా లోడుతో దూరాలు పోయేవాళ్లకు, బండి బీఎస్4 లేదా ఆ తర్వాతిదైతే కొనమనే చెబుతాను. ఊళ్లోనే నాలుగు కిలోమీటర్లు తిరిగే బండి ఎలాగూ పూర్తిగా వేడెక్కదు, అక్కడ ఈ అంకె అంతగా చెప్పేదేమీ ఉండదు. బండి రోజుల తరబడి నిలిపితే స్కానర్ పీకేయండి, బ్యాటరీ తాగేస్తుంది.