విజయనగరం, శ్రీకాకుళం వాళ్లకి: ‘విదేశీ పక్షుల’ వీకెండ్ ప్యాకేజీలతో జాగ్రత్త

పక్షులు గూళ్లు పెట్టే ఊళ్లు తేలుకుంచి, తేలినీలాపురం రెండూ ఒకే రోజులో చూపిస్తామని వాట్సాప్‌లో తిరుగుతున్న ప్యాకేజీకి డబ్బు కట్టే ముందు ఇది చదవండి. మేం జనవరిలో విజయనగరం నుంచి వెళ్లాం. మనిషికి 1,800 రూపాయలు, మొత్తం అడ్వాన్సుగానే తీసుకున్నారు.

ముందు ఇచ్ఛాపురం దగ్గరి తేలుకుంచి తీసుకెళ్లారు. చెట్ల మీద ఖాళీ గూళ్లు, కింద ఎండిపోయిన రెట్ట. ఒక్క కొంగ లేదు. వాకిలి ఊడుస్తున్న పెద్దావిడ మమ్మల్ని చూసి నవ్వేసింది. ‘ఎప్పుడో ఎలిపోనాయి బావూ, మల్లీ వానలకే వస్తాయి’ అంది. ఆవిడ చెప్పిందే నిజం. అక్కడికొచ్చేవి నత్తగుల్ల కొంగలు, అంటే ఓపెన్‌బిల్‌లు. వానలు మొదలయ్యాక వచ్చి, పిల్లలకి రెక్కలొచ్చాక నవంబరు, డిసెంబరుకల్లా వెళ్లిపోతాయి. టెక్కలి దగ్గరి తేలినీలాపురానికి పెలికాన్లు, ఎర్రకాళ్ల కొంగలు వచ్చేది వానాకాలం చివర్లో. అవి మార్చి, ఏప్రిల్ దాకా ఉంటాయి. రెండు ఊళ్లూ ఒకే ట్రిప్పులో చూడాలంటే అక్టోబరు, నవంబరే సరైన సమయం. పక్షి కనిపిస్తుందని ఎవరూ గ్యారంటీ ఇవ్వలేరు, ఒప్పుకుంటాను. కానీ సీజన్ సంగతి ఊళ్లో ఎవరినడిగినా చెప్తారు. ఇది తెలియకుండా టికెట్లు అమ్మారంటే నేను నమ్మను.

పోస్టర్ మీద గులాబీ రంగు ఫ్లెమింగోలు వేశారు. ఫ్లెమింగో అసలు చెట్టెక్కి గూడు పెట్టే పక్షే కాదు. ఆ ఫొటో పులికాట్‌దో, ఇంకెక్కడిదో. గైడు అనే కుర్రాడు దారి పొడవునా ‘సైబీరియా పక్షులు’ అంటూనే ఉన్నాడు. చుక్కల ముక్కు పెలికానూ, ఎర్రకాళ్ల కొంగా మన దక్షిణాసియా పక్షులే. సైబీరియా కొంగ ఒకప్పుడు రాజస్థాన్‌లోని భరత్‌పూర్‌కి వచ్చేది, 2002 తర్వాత అక్కడా కనిపించలేదు.

తేలినీలాపురంలో పక్షులున్నాయి, అదొక్కటే ఊరట. తల్లి పెలికాన్ ముక్కు కింది సంచిలోకి పిల్ల తల మొత్తం దూర్చి చేప లాక్కోవడం చూస్తే ఎవరికైనా కాసేపు కోపం పోతుంది. ఇంతలో రీల్స్‌కి పక్షులు ఎగరాలని గైడు చెట్టు కిందకెళ్లి చప్పట్లు, ఈలలు! పెద్దవి బెదిరి లేచిపోతే గూట్లో పిల్లలు కింద పడతాయి, గుడ్లని కాకులు ఎత్తుకుపోతాయి. ఊరివాళ్లు ఆ పక్షుల్ని ఆడపడుచుల్లా చూసుకుంటారు, వాళ్లు గట్టిగా తిడితే గానీ ఆపలేదు. 1972 నాటి వన్యప్రాణి చట్టంలో రక్షిత పక్షుల గుడ్లనీ గూళ్లనీ చెదరగొట్టడం కూడా వేట కిందికే వస్తుంది. కేసు పడితే ప్యాకేజీలో వెళ్లిన మనకీ తలనొప్పే.

ఇక బైనాక్యులర్. ‘ప్రొఫెషనల్’ అని 1,000 రూపాయలు డిపాజిట్ పట్టుకుని ఇచ్చారు. ఎర్రటి అద్దాలు, పైన 30x60 అని అంకెలు. ముప్ఫై రెట్లు పెద్దగా చూపిస్తే చేతి వణుకు కూడా అన్ని రెట్లూ కనిపిస్తుంది. అదీ కాక, ఆ ఎర్ర పూత వల్ల ఎర్రకాళ్ల కొంగ తోక దగ్గరి గులాబీ ఈకలు బూడిదరంగులో కనిపించాయి. పిట్టలు చూసేవాళ్లు వాడేది 8x42. ఎనిమిది రెట్లు, ముందు అద్దం 42 మిల్లీమీటర్లు, చాలు. తిరిగిచ్చేటప్పుడు గీత పడిందని డిపాజిట్ ఉంచేసుకున్నారు. ఆ గీత మాకిచ్చినప్పుడే ఉంది, ఫొటో తీసి పెట్టాను.

ఏ నెలలో, ఏ ఊళ్లో, ఏ పక్షి అని మెసేజ్‌లో రాసివ్వమనండి. నసిగితే వదిలేయండి. ఈబర్డ్ అనే పక్షుల వెబ్‌సైట్‌లో ఏ పక్షి ఏ నెలలో కనిపిస్తుందో ఉచితంగా చూసుకోవచ్చు. అసలు తేలినీలాపురానికి ప్యాకేజీ ఎందుకండీ? పలాస వైపు రైల్లో నౌపడ జంక్షన్‌లో దిగినా, బస్సులో టెక్కలి వెళ్లినా అక్కణ్నుంచి ఆటో చాలు. పొద్దున్నే వెళ్తే ఎండ తగలదు. టోపీ మాత్రం పెట్టుకోండి, పైనుంచి రెట్ట పడుతుంది.

ప్యాకేజీ వాళ్లకి ఫోన్ చేస్తే ‘సార్ మీటింగ్‌లో ఉన్నారు’ అంటున్నారు. వినియోగదారుల హెల్ప్‌లైన్ 1915లో ఫిర్యాదు ఇచ్చాను. మీరూ వాళ్లతో వెళ్లుంటే యూపీఐ రశీదు, పోస్టర్ స్క్రీన్‌షాట్ డిలీట్ చేయకండి, ఫిర్యాదుకి అవే అడుగుతున్నారు.