బోజార్ ట్రయో వాయించిన హైడన్ పియానో ట్రయోలు: ఏళ్ల తరబడి విన్నాక

పద్దెనిమిదో శతాబ్దపు ఆస్ట్రియా స్వరకర్త హైడన్ పియానో, వయొలిన్, చెల్లో (వయొలిన్ జాతిలోనే పెద్దది, కింది స్వరాలు పలికేది) మూడింటికీ కలిపి రాసిన కృతులు ఈ ట్రయోలు. బోజార్ ట్రయో అనే ముగ్గురి బృందం వాటిని వాయించిన తొమ్మిది సీడీల పెట్టె ఇది. 1970ల్లో ఫిలిప్స్ సంస్థ కోసం రికార్డు చేశారు. పియానో మెనహెం ప్రెస్లర్, వయొలిన్ ఇసిడోర్ కోహెన్, చెల్లో బెర్నార్డ్ గ్రీన్‌హౌస్. నా దగ్గరున్న పాశ్చాత్య సంగీతం మొత్తంలో ఎక్కువసార్లు చేతికి తగిలేది ఇదే.

హైడన్ ట్రయోల్లో చెల్లోకి పనేమీ లేదని ఒక మాట ఉంది. కాగితం మీద చూస్తే నిజమే. ఆ కాలపు పియానోల్లో కింది స్వరాలు పలచగా పలికి వెంటనే ఆగిపోయేవి. అందుకని ఎడమచేతి స్వరాలనే చెల్లో కూడా పట్టుకుని సాగదీసేది. అచ్చువేసినప్పుడు కూడా వీటిని వయొలిన్, చెల్లో సహకారంతో వాయించే పియానో సొనాటాలనే అన్నారు. ఇప్పటి గ్రాండ్ పియానోకి ఆ ఆసరా అక్కర్లేదు. అయినా గ్రీన్‌హౌస్ వాయించింది వింటే చెల్లో లేని ఈ ట్రయోలని ఊహించుకోలేం. ఆయన పేరుమోసిన చెల్లో విద్వాంసుడు పాబ్లో కసాల్స్ దగ్గర నేర్చుకున్నారు. ఒకే స్వరాన్ని నాలుగుసార్లు వాయించాల్సి వస్తే నాలుగూ నాలుగు రకాలుగా పలుకుతాయి. ప్రెస్లర్ కూడా ఎడమచేతి బరువు తగ్గించి ఆయనకి చోటిస్తారు.

హైడన్ కృతులకి హోబోకెన్ అనే ఆయన వేసిన జాబితాలో 15వ విభాగం ఈ ట్రయోలది. అందులో 28వది, ఇ మేజర్ స్వరశ్రేణిలోని ట్రయో, ముందు వినండి. మొదట్లో వయొలిన్, చెల్లో రెండూ కమాను పక్కన పెట్టి తీగలు మీటుతుంటే, పియానో పొట్టి పొట్టి స్వరాలతో పాట ఎత్తుకుంటుంది. మూడు వాద్యాల్లో ఏది ఎక్కడ ఆగిందో పోల్చుకోలేనంతగా కలిసిపోతాయి. రెండో భాగంలో ముగ్గురూ ఒకే వరసని కలిసి మొదలుపెడతారు, ఆ తర్వాత పియానో ఒక్కటే చాలాసేపు నడుస్తుంది. ప్రెస్లర్ అక్కడ తొందరపడరు. ఆ నడక కోసమే ఈ పెట్టె కొనొచ్చు.

అందరికీ తెలిసింది 25వది, చివర్లో జిప్సీ రోండో (ఒకే పాట మళ్లీ మళ్లీ తిరిగొచ్చే భాగం) ఉన్నది. దాన్ని హుషారుగానే వాయించారు కానీ నాకు అంతకంటే ఇష్టం దాని మధ్యభాగం, వయొలిన్ పాట అందుకునే చోటు. కోహెన్ గొంతు పెంచరు. దాని పక్కనే 26వది, ఎఫ్ షార్ప్ మైనర్ అనే దిగులుగా వినిపించే స్వరశ్రేణిలోది. హైడన్ లండన్‌లో ఉన్నప్పుడు ఆప్తురాలైన రెబెకా ష్రోటర్‌కి 24, 25, 26 మూడూ అంకితమిచ్చాడు. 26 నెమ్మది భాగంలోని పాటే ఆయన 102వ సింఫొనీలోనూ ఉంది. మినుయెట్ అనే నాట్యపు నడకలో సాగే చివరి భాగం మైనర్‌లోనే ముగుస్తుంది, ఊరట ఏమీ ఇవ్వదు. రాత్రిపూట ఒంటరిగా వినడానికి బాగుంటుంది.

తొలినాళ్ల ట్రయోలు మాత్రం నాకు అంతగా పట్టలేదు. అవి హార్ప్సికార్డ్ (పియానోకి ముందటి, తీగలు మీటే కీబోర్డు వాద్యం) కాలపువి, పెద్ద పియానో మీద కాస్త బరువనిపిస్తాయి. గట్టిగా వాయించే చోట్ల పియానో ముందుకొచ్చి చెల్లోని కప్పేస్తుంది. ఈ లోటు తీరాలంటే పాతకాలపు వాద్యాలతో రాబర్ట్ లెవిన్, వెరా బెత్స్, ఆనర్ బైల్స్మా చేసిన చివరి నాలుగు ట్రయోల రికార్డింగ్ వినాలి. అక్కడ చెల్లో దానంతటదే పైకి వినిపిస్తుంది. కానీ మొదట కొనాల్సింది బోజార్ వాళ్లదే.

స్ట్రీమింగ్‌లో వెతికేవాళ్లకి: ఫిలిప్స్ పాత రికార్డింగులు ఇప్పుడు డెక్కా పేరుతో వస్తున్నాయి. ట్రయోలకి రెండు రకాల నంబర్లున్నాయి, జిప్సీ ట్రయోనే కొందరు 39 అంటారు. హోబోకెన్ నంబరుతో వెతికితే తికమక ఉండదు. షఫిల్ ఆపేసి ఒక్కో ట్రయో మొత్తం వినండి. ఫోను స్పీకర్లో చెల్లో సగం మాయమవుతుంది, మామూలు ఇయర్‌ఫోన్లయినా పెట్టుకోండి.