మా వాడి చేతికి 24 గంటల బీపీ మెషిన్: 5కి 4 స్టార్లు

ఈ డయాగ్నస్టిక్ సెంటర్‌కి నేను మార్కులేసింది కఫ్ (బీపీ చూడ్డానికి చేతికి చుట్టే గాలి పట్టీ) కట్టకముందే. టెక్నీషియన్ అమ్మాయి టేపు తీసి, మా వాడి భుజానికీ మోచేతికీ సరిగ్గా మధ్యలో గుర్తు పెట్టి, అక్కడ చుట్టుకొలత చూసి మరీ కఫ్ ఎంచుకుంది. లోపల గాలి నిండే సంచి వెడల్పు ఆ కొలతలో 40 శాతమైనా ఉండాలి, పొడవు 80 నుంచి 100 శాతం చుట్టి రావాలి. ఇరుకు కఫ్ కడితే లేని బీపీ ఉన్నట్టు చూపిస్తుంది. అంతకుముందు ఒకచోట మా బొద్దుగాడికి కట్టిన కఫ్ గాలి ఎక్కగానే టప్పున ఊడొచ్చింది. దాన్నే మళ్లీ బిగించి రీడింగ్ రాసేసుకున్నారు!

వాడికి 11 ఏళ్లు. క్లినిక్‌లో ఎప్పుడు చూసినా 126/80కి అటూ ఇటూ. 13 ఏళ్లలోపు పిల్లలకు వయసు, ఎత్తు, ఆడా మగా చూసి పట్టికతో పోల్చాలి. 95వ పర్సెంటైల్‌కి చేరితే, అంటే అలాంటి పిల్లలు వందమందిలో 95 మంది కంటే పైన ఉంటే, బీపీ ఎక్కువున్నట్టే లెక్క. మా డాక్టరుగారు కాసేపు కదలకుండా కూర్చోబెట్టి, కుడిచేతికి, స్టెతస్కోప్‌తో చూశారు. వేర్వేరు రోజుల్లో మూడుసార్లూ ఎక్కువే రావడంతో, ఇది ఆస్పత్రి టెన్షనో కాదో తేల్చడానికి ఈ టెస్ట్ రాశారు.

మెషిన్ నడుము బెల్టుకు ఉంటుంది. పగలు 20 నిమిషాలకోసారి, రాత్రి అరగంటకోసారి కఫ్ బిగుసుకుంటుంది. అప్పుడు చెయ్యి కదపకూడదు. పగలంతా వాడికి ఆటలాగే ఉంది, రాత్రి మాత్రం ఆ చప్పుడుకు లేచి విసుక్కున్నాడు. స్నానం లేదు (దానికి వాడేం బాధపడలేదు). పడుకున్న, లేచిన టైములు కాగితం మీద రాయాలి. రిపోర్టులో నిద్రనీ మెలకువనీ విడగొట్టేది వాటిని బట్టే.

మెలకువలో సగటు 112/68, నిద్రలో 99/56. నిద్రలో పది శాతమైనా తగ్గాలి, తగ్గింది. ఒక స్టార్ కోసింది మాత్రం ఈ రిపోర్టుకే. పక్కన అచ్చేసిన 'నార్మల్' హద్దులు పెద్దవాళ్లవి! డాక్టరుగారు పిల్లల పట్టిక తీసి సరిచూస్తే గానీ మాకు నమ్మకం కుదరలేదు. పిల్లలకు చేస్తామని బోర్డు పెట్టుకున్నవాళ్లు వయసు, ఎత్తు అడిగి ఎక్కించుకోవద్దా?

క్లినిక్‌లో మాత్రమే పెరిగే రకమట, మందులేమీ రాయలేదు. ఒకటి రెండేళ్లలో మళ్లీ చేయించమన్నారు. ఇక్కడికే వెళ్తాం, కాకపోతే రిపోర్టులో ఏ హద్దులు వేస్తారో ముందే అడుగుతాను.