పేల్ ఏల్‌లో బ్రెడ్ ఈస్ట్ వేశాను: 5కి 2 స్టార్లు

పేల్ ఏల్ అంటే లేతరంగు బీరు. దాన్ని బీరు ఈస్ట్ బదులు బ్రెడ్ ఈస్ట్‌తో పులియబెట్టి చూశాను. ముందే చెప్పేస్తా, బ్రెడ్ ఈస్ట్‌తో బీరు అవుతుంది. పాడైపోతుందనీ, తాగితే కడుపు పోతుందనీ భయపెట్టేవాళ్ళ మాట పట్టించుకోకండి. రెండో గ్లాసు తాగబుద్ధవుతుందా అంటే మాత్రం, నాకైతే కాలేదు.

మేముండేది డాలస్‌లో. ఇక్కడ ఇంట్లో సొంతానికి బీరు కాచుకోవచ్చు, ఇద్దరు పెద్దవాళ్ళున్న ఇంటికి ఏడాదికి 200 గ్యాలన్ల దాకా (1978లో కార్టర్ సంతకం పెట్టిన చట్టం పుణ్యం). మన ఊళ్ళో లైసెన్సు లేకుండా కాస్తే ఎక్సైజ్ కేసే, కాబట్టి అక్కడ ప్రయత్నించకండి.

మా ఆవిడ నాన్‌ల కోసం తెచ్చిన ఈస్ట్ మూడు పాకెట్లు ఫ్రిజ్‌లో ఉన్నాయి. బ్రాండ్ పేరు అనవసరం, ఏ సూపర్ మార్కెట్లోనైనా డాలరు లోపు దొరికే 7 గ్రాముల పాకెట్. పక్కనే నేనెప్పుడూ వాడే బీరు ఈస్ట్, సేఫేల్ యూఎస్-05, 11.5 గ్రాములు, ఐదారు డాలర్లు. రెండూ ఒకే జాతి, శాకరోమైసిస్ సెరివిసియే. ఒకే జాతి అయినప్పుడు ఐదు రెట్లు ధర ఎందుకు పెట్టాలి అని పురుగు తొలిచింది.

రెండు పౌన్ల లైట్ మాల్ట్ పొడి (మొలకెత్తించిన బార్లీ రసాన్ని ఎండబెట్టింది), రెండు గ్యాలన్ల నీళ్ళు, కొంచెం కాస్కేడ్ హాప్స్ (బీరుకి చేదూ వాసనా ఇచ్చే పువ్వులు), గంట మరిగించి చల్లార్చి రెండు గాజు జాడీల్లో చెరి సగం పోశాను. రసం నీళ్ళకంటే ఎంత చిక్కగా ఉందో చెప్పే హైడ్రోమీటర్ 1.044 చూపించింది. ఒకదాంట్లో బ్రెడ్ ఈస్ట్ అర పాకెట్, ఇంకోదాంట్లో యూఎస్-05 అర పాకెట్, రెండూ క్లోజెట్లో, 21 డిగ్రీల దగ్గర. ఇంతకంటే న్యాయంగా పోటీ పెట్టడం నాకు చేతకాదు.

వేసిన నాలుగు గంటల్లోనే బ్రెడ్ ఈస్ట్ జాడీ బుడబుడలు మొదలుపెట్టింది, రెండోది ఇంకా నిద్రలోనే ఉంది. పొద్దున లేచి చూస్తే నురుగు ఎయిర్‌లాక్‌లోంచి (గ్యాస్‌ని బయటికి వదిలి, గాలిని లోపలికి రానివ్వని బిరడా) ఎగదన్ని కార్పెట్ మీదికొచ్చింది, ఇల్లంతా బేకరీ వాసన. ఆ వేగం చూసి గెలిచేసిందనే అనుకున్నా! పిండిని గంటలో పొంగించడం దాని ఉద్యోగం మరి, గ్యాస్ దబదబా పుట్టించే రకాల్నే ఏరి పెంచుతారు. ఆ తర్వాత అడుక్కి దిగుతుందా, రుచి ఎలా వస్తుందా అని దాన్ని అడిగినవాళ్ళు లేరు, రొట్టెతో పాటే ఓవెన్లో చచ్చిపోయేది కదా.

అసలు గొడవ అక్కడే. రెండు వారాలకు యూఎస్-05 జాడీ అడుగున మందపాటి మడ్డి పేరుకుంది, పైనంతా తేటగా ఉంది. బ్రెడ్ ఈస్ట్ జాడీ మాత్రం బియ్యం కడిగిన నీళ్ళలాగే ఉంది. ఫ్రిజ్‌లో వారం పెట్టాక కాస్త తేరుకుంది గానీ, ఆ మడ్డి గట్టిపడే రకం కాదు, సీసా కొంచెం వంచితే చాలు బూడిదలా లేచి గ్లాసులోకి వచ్చేస్తుంది. దీని గ్రావిటీ (చక్కెర ఆల్కహాలుగా మారేకొద్దీ తగ్గే ఆ హైడ్రోమీటర్ అంకె) 1.012 దగ్గర ఆగింది, అంటే 4.2 శాతం ఆల్కహాలు. యూఎస్-05 1.009 దాకా దిగి 4.6 ఇచ్చింది. చూశారుగా, ఆల్కహాల్లో పెద్ద తేడా ఏమీ లేదు.

తేడా అంతా నోట్లోనే. మా బావమరిది ఏ గ్లాసు ఏదో తెలియకుండా ఒక గుక్క తాగి "బావా, ఇందులో లవంగాలేమైనా వేశావా?" అన్నాడు. వెయ్యలేదు. మాల్ట్‌లో ఉండే ఫెరూలిక్ ఆమ్లాన్ని కొన్ని ఈస్ట్‌లు లవంగం వాసనగా మార్చేస్తాయి. బీరుకి వాడే ఏల్ ఈస్ట్‌లలో చాలావాటికి ఆ గుణం పోయింది, ఈ బ్రెడ్ ఈస్ట్‌కి ఉన్నట్టుంది. దాని వెనకే మగ్గిన అరటిపండు, చివర్లో పచ్చి రొట్టెపిండి. కాస్కేడ్ హాప్స్‌కి ఉండే నిమ్మజాతి పండ్ల తొక్క ఘాటు కోసం ఎంత వెతికినా దొరకలేదు.

ఇంకొకటి, బ్రెడ్ ఈస్ట్ పాకెట్లో ఈస్ట్ ఒక్కటే ఉంటుందన్న పూచీ లేదు, కాస్త లాక్టిక్ బ్యాక్టీరియా కూడా ఉండొచ్చు. రొట్టె కాలుతుంది కాబట్టి ఇబ్బంది లేదు. బీరులో ఈస్ట్ వేశాక మళ్ళీ మరిగించేది లేదు, నెలల తరబడి దాస్తే మెల్లగా పులుపెక్కే ప్రమాదం ఉంది. నా సీసాలు ఐదో వారానికి కొంచెం ఇడ్లీపిండి వైపు వెళ్తున్నట్టు అనిపించింది, నా భ్రమ కూడా కావచ్చు.

అలాగని ఇది పనికిమాలిన సరుకేం కాదు. ఫిన్లండ్ పల్లెల్లో సాహ్తి అనే బీరు కావాలనే బ్రెడ్ ఈస్ట్‌తో చేస్తారు. జునిపర్ అనే చెట్టు కొమ్మల మీదుగా వడకట్టి, చాలాచోట్ల మాల్ట్ రసాన్ని మరిగించకుండానే పులియబెట్టి, మన కల్లులాగా తాజాగా ఉన్నప్పుడే తాగేస్తారు. అందులో అరటిపండు వాసన రాకపోతేనే తప్పు. అది గుర్తుపెట్టుకుని రెండోసారి సగం గోధుమ మాల్ట్ వేసి, చివర్లో ధనియాలు, నారింజ తొక్క దంచి వేశా. ఈసారి మబ్బుగా ఉన్నా ఎవరూ అడగలేదు, లవంగం కూడా కలిసిపోయింది, నిజంగా బాగుంది. దానికి మూడున్నర ఇస్తా.

మామూలు పేల్ ఏల్‌కి మాత్రం వద్దు. మాల్ట్‌కీ హాప్స్‌కీ ఇరవై డాలర్లు పోసి, నెల రోజులు ఆగి, ఈస్ట్ దగ్గర నాలుగు డాలర్లు మిగుల్చుకోవడం ఏం లెక్కో నాకే అర్థం కావడం లేదు. ఏ దుకాణమూ తెరిచిలేని రాత్రి మాల్ట్ చల్లారిపోయి కూర్చుంటే వెయ్యండి, అర పాకెట్ చాలు, 20 డిగ్రీలు దాటనివ్వకండి, జాడీలో మూడో వంతు ఖాళీ వదలండి. నా కార్పెట్ మీద మరక ఇంకా పోలేదు.