కిరాయి ఇంట్లో ఉండే పేదలకు ఏది మేలు?

2024 డిసెంబరులో తెలంగాణ సర్కారు ఇందిరమ్మ ఇళ్ల సర్వే కోసం వరంగల్‌లోని మా కాశిబుగ్గ గల్లీకి ఒక అబ్బాయి వచ్చాడు. పక్క పోర్షన్‌లో ఉండే అక్కను, "సొంత జాగా ఉందా?" అని అడిగాడు. ఎనుమాముల మార్కెట్‌కు మిర్చి సీజన్లో కూలికి పోయే మనిషి ఆమె. "జాగుంటే కిరాయికెందుకుంటం తమ్మీ?" అంది. అతను నవ్వి, ఫోన్‌లో 'లేదు' అని నొక్కాడు. ఆ ఒక్క నొక్కుతో ఆమె వరసలో వెనక్కి పోయింది. జాగా ఉండి ఇల్లు లేనివాళ్లు ఎల్‌1, జాగా కూడా లేనివాళ్లు ఎల్‌2. మొదటి విడత ఎల్‌1 వాళ్లకే.

కిరాయికి ఉండే పేదలకు సర్కారు ఏం చేస్తే మేలన్న మాట వచ్చినప్పుడల్లా నాకు ఆమె జవాబే గుర్తొస్తుంది.

మొదటిది సొంతిల్లు. అది వస్తే అంతకన్నా ఏం కావాలి? కాదనను. కానీ ఇందిరమ్మ ఇంటికి ఇచ్చే 5 లక్షలు విడతలుగా వస్తాయి. బేస్‌మెంట్ లేచాకే మొదటి లక్ష. అంటే ముందు చేతి డబ్బు పెట్టాలి, ఇల్లు పూర్తయ్యేదాకా ఉన్న ఇంటికి కిరాయీ కట్టాలి. ఊళ్లో తాత ఇచ్చిన జాగా ఉన్నవాళ్లు ఎలాగో నెట్టుకొస్తారు. వరంగల్‌లో గజం ధర విన్నాక కూలి పని చేసే ఎవరూ ఇక ఆ ఊసెత్తరు. జాగాతో పనిలేకుండా 560 చదరపు అడుగుల ఇల్లు కట్టి ఇచ్చిన డబుల్ బెడ్‌రూమ్ పథకం ఈ విషయంలో నయమే. కాకపోతే అది లాటరీ. పేరు రానివాళ్లు మళ్లీ కిరాయి ఇంటికే.

రెండోది సర్కారే ఇళ్లు కట్టి తక్కువ కిరాయికి ఇవ్వడం. కరోనా లాక్‌డౌన్‌లో వలస కూలీలు నడిచిపోయాక, 2020లో కేంద్రం ఇలాంటి పథకమే తెచ్చింది. అంతకుముందే కట్టి ఖాళీగా పడి ఉన్న 2,195 ఇళ్లను చండీగఢ్‌లో దీని కింద కిరాయికి ఇచ్చారు. 2024లో మొదలైన పట్టణ ఆవాస్ యోజన రెండో దశలోనూ కిరాయి ఇళ్లకు ఒక విభాగం ఉంది. మన దగ్గర గీసుగొండ వైపు టెక్స్‌టైల్ పార్క్ పక్కన ఇలాంటివి కడితే అక్కడ పనిచేసే ఆడపిల్లలకు ఎంతో మేలు. మా అక్కకు మాత్రం పనికిరావు. తెల్లారేసరికి ఆమె మార్కెట్ యార్డులో ఉండాలి. ఆటోకు పెట్టేదాంట్లోనే మిగిలిన కిరాయి కాస్తా పోతుంది. పని ఒకచోటే ఉన్నవాళ్లకు సర్కారు కిరాయి ఇల్లు బాగుంటుంది, అడ్డా మీద నిలబడే కూలీకి కష్టం.

ఇక మూడోది, ఉన్న ఇంట్లోనే ఉండనిచ్చి నెలనెలా కిరాయిలో కొంత ఇవ్వడం. సర్కారు ఉద్యోగికి జీతంతో పాటు ఇంటి అద్దె భత్యం వస్తుంది, అదెవరికీ వింతగా అనిపించదు. కూలీకి అనగానే డబ్బు దండగ అంటారు, అదేమి లెక్కో. అమెరికాలో ఇలాంటి ఏర్పాటు ఎప్పటినుంచో ఉంది. కుటుంబం తన ఆదాయంలో సుమారు 30 శాతం కిరాయికి పెట్టుకుంటే మిగతాది సర్కారు ఓనర్‌కు కడుతుంది. అక్కడా అర్హులందరికీ అందదు, ఏళ్ల తరబడి వరసలో ఉండాల్సిందే. ఇక్కడ పెడితే చిక్కు ఇంకోచోట వస్తుంది. సాయం కావాలంటే కిరాయికి ఉన్నట్టు కాగితం చూపాలి. మా గల్లీలో ఏ ఓనరూ రాసివ్వడు. 11 నెలల అగ్రిమెంట్ మాట ఎత్తితే, "నమ్మకం లేకపోతే వేరే ఇల్లు చూసుకోమ్మా" అనే జవాబు.

నన్నడిగితే మూడోదే మేలు, కానీ ఓనర్ సంతకం అడగకూడదు. వార్డు ఆఫీసు మనిషి వచ్చి ఇల్లు చూసి రాసుకుంటే చాలు. ఇందుకు సగం దారి ఇప్పటికే పడింది. గృహజ్యోతి కింద నెలకు 200 యూనిట్లదాకా కరెంటు ఉచితం. 2024 మార్చి నుంచి అమలవుతున్న ఈ పథకం కిరాయికి ఉండేవాళ్లకూ వర్తిస్తుంది. రేషన్ కార్డు, మీటర్ నంబరు కావాలి, అగ్రిమెంట్ కాదు.

అయినా మా అక్కకు అది రాలేదు. కారణం గోడ మీదే ఉంది. మూడు పోర్షన్లకు ఒకటే మీటర్, లోపల మూడు సబ్‌మీటర్లు. ఇంటికి 80 యూనిట్లు కాలినా మొత్తం 240. 200 దాటాయి కాబట్టి ఎవరికీ జీరో బిల్లు లేదు. ఓనర్ మాత్రం యూనిట్‌కు 9 రూపాయల చొప్పున వసూలు చేస్తాడు. అంటే ఆమెకు నెలకు 720. సొంత మీటర్ ఉండి నెలకు 100 యూనిట్లలోపు వాడే ఇంటికి మొదటి 50 యూనిట్లు యూనిట్‌కు 1 రూపాయి 95 పైసలే. వేరే మీటర్ పెట్టించమని అడిగితే, "ఖర్చెవరు పెట్టుకోవాలె?" అన్నాడు.

సొంతిల్లు, సర్కారు ఇల్లు, కిరాయి సాయం అంటూ మనం ఎంత లెక్కలేసినా, ఆమె లెక్క ఆమె వేసుకుంది. మొన్న రెండు గల్లీల అవతల ఒక గది చూసింది. కిరాయి 500 ఎక్కువ. మీటర్ మాత్రం వేరుగా ఉంది. జీరో బిల్లు వస్తే నెలకు 220 మిగులుతాయి. కొత్త మీటర్ నంబరు తన కార్డుకు ఎక్కించుకునే తిరుగుడు ఒకటుంది, అది నాకు అప్పజెప్పింది. ఇప్పుడు ఎవరైనా ఇల్లు చూపిస్తే నీళ్ల సంగతి, బాత్రూమ్ సంగతి తర్వాత. ముందు మెట్ల కింద నిలబడి గోడకున్న మీటర్లు లెక్కపెడుతుంది.