రెండు వేలు, ఎకరానికి ఐదు వేలు, పదమూడున్నర వేలు: కరోనా ఏడాది రైతు సాయంలో ఏది మేలు?

2020 ఏప్రిల్‌లో కేంద్రం పథకం పీఎం కిసాన్ కింద పడిన రెండు వేలతో పత్తి రైతుకు ఏమొచ్చిందో చూడండి. బీటీ పత్తి విత్తనం 450 గ్రాముల ప్యాకెట్ ఆ ఏడాది 730 రూపాయలు. ఎకరానికి రెండు వేసుకుంటే 1,460. యూరియా 45 కిలోల బస్తా 266.50, రెండు బస్తాలకు 533. మొత్తం 1,993. దుక్కి, డీఏపీ, కూలి ఖర్చు ఇంకా మొదలే కాలేదు. పైగా అది అదనపు సాయం కాదు. ఏటా ఇచ్చే ఆరు వేలలో ఒక విడతనే కరోనా కోసం కేంద్రం మార్చి 26న ప్రకటించిన గరీబ్ కల్యాణ్ ప్యాకేజీలో కలిపి ముందుగా వేశారు. కానీ జాబితా అప్పటికే సిద్ధంగా ఉంది కాబట్టి లాక్‌డౌన్‌లో రైతు గడప దాటకుండానే డబ్బు అందింది. ఆ వేగం మిగతా రెండు పథకాలకూ, అంటే తెలంగాణ రైతుబంధుకూ ఆంధ్రప్రదేశ్ రైతు భరోసాకూ, లేదు.

మొత్తం విషయానికొస్తే ఆ ఏడాది తెలంగాణ రైతుబంధు ఎకరానికి పంటకు ఐదు వేలు, ఏడాదికి పది వేలు. ఆంధ్రప్రదేశ్ రైతు భరోసా కుటుంబానికి 13,500. అందులో ఆరు వేలు కేంద్రం ఇచ్చే పీఎం కిసాన్‌వే, రాష్ట్రం వాటా 7,500. రెండు చోట్లా పీఎం కిసాన్ ఉంది కాబట్టి దాన్ని పక్కన పెట్టి పోల్చాలి. 30 గుంటలకు, అంటే ముప్పావు ఎకరానికి, రైతుబంధు కూడా సరిగ్గా 7,500 ఇచ్చేది. అంతకు తక్కువున్న వారికి ఆంధ్ర పద్ధతి మేలు. పైకి వెళ్లేకొద్దీ రైతుబంధుదే పైచేయి. పదెకరాల ఆసామికి అది లక్ష రూపాయలు. పరిమితి లేకపోవడమే దాని లోపం. ఆపదలో ఇచ్చే సాయం ఎకరాలను బట్టి పెరగకూడదు.

అదను కూడా చూడాలి. రైతు భరోసా మొదటి విడత మే 15న పడింది. రోహిణి కార్తెకు ముందే కాబట్టి విత్తనానికి అక్కరకొచ్చింది. రైతుబంధు మృగశిర దాటాక, జూన్ చివర్లో వచ్చింది. అప్పటికే చాలామంది విత్తనాలు అప్పు మీద తెచ్చేసుకున్నారు.

అసలు తేడా కౌలు దగ్గర ఉంది. రైతుబంధు పట్టాదారు పాసుపుస్తకాన్ని చూసింది తప్ప దున్నేదెవరో చూడలేదు. భూమి బీడు పెట్టినా పట్టాదారుకే, కౌలుకిచ్చినా పట్టాదారుకే. కౌలు మొత్తం ముందే కట్టి, పెట్టుబడి పెట్టి, కూలీలు దొరక్క, బేరం లేక నష్టపోయినవాడికి రూపాయి రాలేదు. ఆంధ్రలో ఎస్సీ, ఎస్టీ, బీసీ, మైనారిటీ కౌలుదారులకు 13,500 మొత్తం రాష్ట్రమే ఇచ్చింది. భూమిలేని ఓసీ కౌలుదారును మాత్రం వదిలేసింది. అది అన్యాయమే. మిగతావారికీ 2019 చట్టం కింద పంట సాగుదారు హక్కు పత్రం కావాల్సి వచ్చింది, దాని మీద యజమాని సంతకం కావాల్సి వచ్చింది. హక్కు పోతుందేమోనన్న భయంతో యజమానులు సంతకం పెట్టేవారు కాదు. ఆ పత్రం పదకొండు నెలల సాగుకే, భూమి మీద హక్కు రాదు అని ఊరి పెద్దల ముందు చదివి వినిపిస్తే కొందరైనా ఒప్పుకునేవారు.

డబ్బు ఆగిపోయేది ఎక్కువగా చిన్న పొరపాట్ల వల్లే. ఆధార్‌లో ఇంటిపేరు ముందు, పాసుపుస్తకంలో వెనక ఉంటే పీఎం కిసాన్ ఆగిపోవచ్చు. రెండు మూడు ఖాతాలున్నవారు ఆధార్ చివరగా ఏ బ్యాంకుకు జతైందో కనుక్కోవాలి, ఆధార్ ఆధారంగా వేసే డబ్బు అక్కడికే వెళ్తుంది. ఆంధ్రా బ్యాంకు 2020 ఏప్రిల్ 1న యూనియన్ బ్యాంకులో కలిసింది. పాత ఐఎఫ్ఎస్‌సీ కోడ్ ఉన్నవారు కొత్త పాసుబుక్ మొదటి పేజీ నకలు ఏఈవోకు (వ్యవసాయ విస్తరణ అధికారికి) ఇవ్వాలి. పంట రుణం ఖాతా నంబరు మాత్రం ఇవ్వొద్దు, బాకీ కింద జమ చేసుకుంటే వెనక్కి రాబట్టడం కష్టం. పొదుపు ఖాతానే ఇవ్వండి.

మా ఓటు మే నెలలో, కుటుంబానికి ఇంత అని, సాగు చేసేవాడికి ఇచ్చే పద్ధతికే. యజమాని సంతకం బదులు ఈ-క్రాప్‌లో, అంటే పంటల ఆన్‌లైన్ నమోదులో, నమోదైన సాగుదారు పేరునే ఆధారంగా తీసుకుంటే కౌలుదారు ఎవరి గుమ్మం ముందూ నిలబడక్కర్లేదు.